నాలుగో ట్యాంకర్ గేటు దాటితే

2024 జూన్‌లో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు గోనెసంచితో నా దగ్గరికి వచ్చారు. అందులో ఏడు పొడుగు రిజిస్టర్లు. మియాపూర్ వైపు ఉన్న ఆ కాంప్లెక్స్‌లో 96 ఫ్లాట్లు, మూడు బోర్లు, ఒక మంజీరా మంచినీళ్ల కనెక్షన్, రెండు సంపులు ఉన్నాయి. నీళ్ల ట్యాంకర్ గేటు దాటిన ప్రతిసారీ సెక్యూరిటీ వాళ్లు తేదీ, టైము, బండి నంబరు రాసి డ్రైవర్ సంతకం తీసుకుంటారు. 2020 జూన్ 1 నుంచి 2024 మే 31 వరకు ఒక్క రోజు కూడా వదలకుండా 1,461 రోజుల లెక్క ఉంది. గణాంకాలతో నడిచిన నా వృత్తి జీవితంలో ఇంత శ్రద్ధగా రాసిన డేటా చాలా అరుదుగా చూశాను.

ఆయన సమస్య రెండు ముక్కల్లో చెప్పారు. "సార్, రోజుకు సగటున మూడు బండ్లని మెయింటెనెన్స్‌లో లెక్కేసుకున్నాం, ట్యాంకర్ల అతనితో కూడా రోజుకు మూడు బండ్లకే మాట్లాడుకున్నాం. ఏ నెలా ఆ లెక్క కలవలేదు. కొన్ని నెలలు బండ్లు వద్దని చెప్పి వాళ్లకు ఊరికే డబ్బులు కడుతున్నాం. కొన్ని నెలలు అర్ధరాత్రి ఎవరెవరినో బతిమాలుతున్నాం."

నేను మొదట ఆ సగటునే సరిచూశాను. రోజుకు మూడుకు కాస్త తక్కువ. ఆయన చెప్పింది దాదాపు నిజమే. అయితే ఏ రోజు ఎన్ని బండ్లు వచ్చాయో గీసి చూస్తే ఒక గుట్ట సున్నాకూ రెండుకూ మధ్య, ఇంకో గుట్ట ఏడెనిమిది దగ్గర లేచాయి. మూడు బండ్ల రోజు ఆ రెండు గుట్టల మధ్య పడింది. ఆ కాంప్లెక్స్‌లో 'సగటు రోజు' అనేది అరుదుగానే వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే హైదరాబాద్ కింద ఏముందో చూడాలి. మనం గ్రానైటు రాయి మీద ఉన్నాం. ఇసుక నేలల్లోలాగా నీళ్లు ఇక్కడ నేలంతా పరుచుకుని ఉండవు. పైన శిథిలమైన పొరలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత ఉంటాయి. బోరు వేసినప్పుడు ఏదో ఒక పగులు తగిలితే నీళ్లు పడ్డాయంటాం. నీటిమట్టం ఆ పగులు కంటే పైన ఉన్నంతకాలం బోరు రెండించుల నీళ్లు పోస్తూనే ఉంటుంది. మట్టం పగులు కిందికి దిగిందా, ఒకటి రెండు రోజుల్లోనే గాలి కొట్టడం మొదలవుతుంది. నీళ్లు మెల్లగా ఏం తగ్గవు, ఉన్నట్టుండి దశ మారిపోతుంది.

దశ అనే మాట మన భాషలో ముందు నుంచీ ఉంది. 'దశ తిరిగింది' అంటాం. ఆ మాటలో ఉన్న గణితమే ఈ కేసుకు కావాల్సింది. వ్యవస్థ ఒక దశలో ఉన్నంతసేపు ఒక పద్ధతిలో యాదృచ్ఛికంగా నడుస్తుంది. దశ మారితే ఆ పద్ధతే వేరు. దశ ఎప్పుడు మారుతుందన్నది మళ్లీ యాదృచ్ఛికమే. రేపటి దశ ఇవాళ్టి దశ మీదే ఆధారపడుతుంది, నిన్న మొన్నటి చరిత్ర అక్కర్లేదు అనుకుంటే అది మార్కోవ్ గొలుసు. 1913లో రష్యన్ గణితవేత్త ఆండ్రే మార్కోవ్, కవి పుష్కిన్ రాసిన కావ్యంలోని 20,000 అక్షరాలను చేత్తో లెక్కబెట్టి, అచ్చు తర్వాత అచ్చు ఎంత తరచుగా వస్తుంది, హల్లు తర్వాత ఎంత తరచుగా వస్తుంది అని చూపించాడు. ఆయనకు అక్షరాలు కళ్లముందే ఉన్నాయి. మనకు బోరు లోపల ఏముందో కనబడదు, గేటు దగ్గర బండ్ల సంఖ్య ఒక్కటే కనబడుతుంది. అందుకే ఇక్కడ వాడాల్సింది హిడెన్ మార్కోవ్ మోడల్, అంటే దశ కంటికి కనబడకుండా దాగి ఉండే మార్కోవ్ గొలుసు. దీని పారామీటర్లను, అంటే ఒక్కో దశ సగటునూ దశ మారే అవకాశాలనూ, డేటా నుంచి రాబట్టే పద్ధతిని గణితవేత్త లెనార్డ్ బామ్, ఆయన సహచరులు 1960ల చివర్లో రూపొందించారు. 1989లో ఆర్థికవేత్త జేమ్స్ హామిల్టన్ అమెరికా స్థూల జాతీయోత్పత్తి (జీఎన్‌పీ) లెక్కలకు ఇలాంటి మోడలే వాడి మాంద్యం దశలను విడదీసి చూపించాక ఆర్థికవేత్తలందరికీ ఇది అలవాటైంది.

మోడల్ పేరు చెప్పడం తేలిక. అసలు పని రిజిస్టర్‌లోనే ఉంది.

మొదటిసారి రెండు దశలతో ఒక మోడల్, మూడు దశలతో ఒక మోడల్ నడిపాను. మూడు దశలదే బాగా అతికిందని కొలతలన్నీ చెప్పాయి. మూడో దశ సగటు రోజుకు 3.7 బండ్లు. 'బోరు సగం ఎండిన దశ' అని పేరు పెట్టి రిపోర్టు రాసెయ్యొచ్చు, వినేవాళ్లూ నమ్ముతారు. కానీ ఆ 3.7 నన్ను వదల్లేదు. ఎండిన దశ సగటులో అది దాదాపు సగం. పైగా ఆ మూడో దశ రోజులన్నీ ఒక్క 2022 వేసవిలోనే ఉన్నాయి, మరే ఏడాదీ లేవు. రిజిస్టర్ తీసుకుని నేరుగా గేటు దగ్గరికి వెళ్లాను.

అక్కడ పాత సెక్యూరిటీ ఆయన పేజీలు తిప్పి బండి నంబర్లు చూశాడు. "ఇవి పెద్ద బండ్లు సార్. ఆ ఎండాకాలం మామూలుగా వచ్చే ఆయన రాలే. వేరే ఆయన పది వేల లీటర్ల బండి పంపిండు. నేను ఊరికి వోయిన, కొత్త పిలగాడు ఒక్కో బండికి ఒక్కో గీత గీసిండు."

మామూలుగా వచ్చేది అయిదు వేల లీటర్ల బండి. పది వేల బండిని రెండుగా లెక్కించాల్సింది. మూడో దశ బోరులో లేదు, రిజిస్టర్‌లో ఉంది. ఆ వేసవి గీతలన్నీ రెండింతలు చేసి మళ్లీ నడిపితే మూడో దశ మాయమైంది. దశలు మారే మోడల్‌తో పని చేసేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఇది: ఇంకో దశ కనిపించగానే దానికి ప్రకృతిలో కారణం వెతక్కండి, ముందు ఆ లెక్క రాసిన మనిషిని అడగండి. కొలిచే పద్ధతి మారినా మోడల్ కళ్లకు అది కొత్త దశలాగే కనిపిస్తుంది.

రెండో లోపం ఇంకా లోతైనది. రిజిస్టర్‌లో ఉన్నవి వచ్చిన బండ్లు. కావాల్సిన బండ్లు కావు. బోర్లు బాగా ఎండిన రోజుల్లో తొమ్మిది అడిగితే అయిదే వచ్చేవి. సరిగ్గా అవసరం ఎక్కువున్న రోజే అంకె తక్కువ పడుతోందన్నమాట. అందుకే సరిచేయకముందు ఎండిన దశ సగటు ఉండాల్సిన దానికంటే తక్కువ వచ్చింది. సూపర్‌వైజర్ ఫోన్‌లో ట్యాంకర్ల అతనికి పంపిన వాట్సాప్ మెసేజీలు ఉన్నాయి: 'అన్నా ఇంకో మూడు పంపు' లాంటివి. నాలుగు వేసవుల మెసేజీలు కూర్చుని చదివి, అడిగి రాని బండ్లను కలిపాం. దానికి రెండు వారాలు పట్టింది. మోడల్ నడవడానికి నాలుగు సెకన్లు పట్టింది.

శుభ్రం చేశాక తేలింది ఇది. బోర్లు పోసే నిండు దశలో రోజుకు సగటున 1.2 బండ్లు. బోర్లు ఎండిన ఎండు దశలో 7.5. ఏ దశలోనైనా ఆ రోజు అంకె పాయసాన్ పద్ధతిలో, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే ఘటనల లెక్క ఊగే తీరులో, సగటు చుట్టూ అటూ ఇటూ ఊగుతుంది. నిండు దశలో ఉంటే రేపు కూడా నిండుగానే ఉండే అవకాశం 0.985. ఎండు దశలో ఉంటే రేపు కూడా ఎండుగా ఉండే అవకాశం 0.96. ఒక దశ సగటున ఎన్నాళ్లు ఉంటుందో తెలియాలంటే, ఒకటిని మారే అవకాశంతో భాగిస్తే చాలు: నిండు దశ 67 రోజులు, ఎండు దశ 25 రోజులు. దీర్ఘకాలంలో వందలో 27 రోజులు ఎండు దశవి. 0.73 సార్లు 1.2, 0.27 సార్లు 7.5 కలిపితే 2.9, అంటే దాదాపు సెక్రటరీ గారి మూడే.

సగటు ఆ మూడు దగ్గరే ఉంది, మరి ఈ మోడల్ వల్ల కొత్తగా తెలిసిందేమిటి? సెక్రటరీ గారూ ఇదే అడిగారు. ఆయనకు చూపించిన లెక్కే ఇక్కడా చూపిస్తాను, ఎందుకంటే కేసు మొత్తం దీని మీదే నిలబడింది.

30 రోజుల నెలకు సగటున 87 బండ్లు. దశలు లేవు, రోజూ 2.9 సగటుతో పాయసాన్ అనుకుంటే ఆ 87 చుట్టూ ఊగిసలాట, అంటే ప్రామాణిక విచలనం, సుమారు 9. అంటే 70 నుంచి 105 మధ్య నెల గడిచిపోతుంది. మూడు బండ్ల ఒప్పందం ఈ నమ్మకం మీదే పుట్టింది. ఇప్పుడు రోజువారీ అంకెలో రెండు గుట్టలున్నాయని ఒప్పుకుందాం, కానీ ప్రతి రోజూ కొత్తగా బొమ్మా బొరుసూ వేసి దశ నిర్ణయిస్తున్నట్టు, నిన్నటితో సంబంధం లేనట్టు అనుకుందాం. అప్పుడు విచలనం 18. ఇక నిన్నటి దశ ఇవాళ కూడా పట్టుకుని ఉంటుందన్న నిజాన్ని కలిపితే అది 66 అవుతుంది. రిజిస్టర్‌లోని 48 నెలలను నేరుగా కొలిస్తే 64 వచ్చింది. అతి తక్కువ నెలలో 26 బండ్లు, అతి ఎక్కువ నెలలో 219.

9, 18, 66. ఈ మూడు అంకెల మధ్య తేడా ఎక్కడిదో గమనించండి. రోజువారీ హెచ్చుతగ్గుల వల్ల వచ్చింది కొంతే. పెద్ద దెబ్బ కొట్టింది దశ వదలకుండా పట్టుకుని ఉండటం. చెడ్డ రోజులు ఒక్కొక్కటిగా చెదిరి వస్తే నెల వాటిని సర్దుకుంటుంది. గుంపుగా వస్తే నెల మొత్తం మునుగుతుంది. బ్యాంకు మొండి బకాయిలైనా, కరెంటు డిమాండ్ అయినా, ఆస్పత్రి బెడ్లైనా నేను చూసిన ప్రతి చోటా నష్టం ఈ గుంపు వల్లే జరిగింది, దాన్ని సగటు ఎప్పుడూ చూపించలేదు.

ఇక్కడ నాకే టెన్షన్ పెట్టిన విషయం ఒకటుంది. 1,461 వరుసల డేటా అంటే చాలా ఎక్కువనిపిస్తుంది. సగటులు, అంటే 1.2, 7.5, గట్టిగానే వచ్చాయి. కానీ దశ మారే అవకాశాలకు ఆధారం వరుసలు కావు, మార్పులు. నాలుగేళ్లలో ఎండు దశ మొదలైంది 16 సార్లే. అంటే ఆ 0.96 వెనుక ఉన్న అనుభవం 16 ఘటనలది. పదహారింటితో వచ్చే పొరపాటు సుమారు నాలుగో వంతు. కాబట్టి '25 రోజులు' అన్నది 19 కావచ్చు, 31 కావచ్చు. రిపోర్టులో ఈ వాక్యాన్ని మొదటి పేజీలోనే పెట్టాను.

ఆ 16 దశలను ఒక్కొక్కటిగా చూశాం. నాలుగు వారం లోపే ముగిశాయి. ఎలక్ట్రీషియన్ బిల్లులతో తేదీలు కలిపి చూస్తే అవి బోరు ఎండినవి కావు, మోటరు కాలినవి. వాటిని వేరే దశగా పెట్టాలనిపించింది కానీ నాలుగు ఘటనలతో ఒక దశను అంచనా వేయడం నాకు నచ్చలేదు. మోటరు కాలితే ఎలాగూ అందరికీ తెలుస్తుంది, దాన్ని మోడల్ కనిపెట్టక్కర్లేదు. మిగతావాటిలో ఆరు నెల దాటాయి.

'ఇదంతా ఎండాకాలమే కదా, దీనికి మోడల్ ఎందుకు' అని కమిటీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. 16లో 11 ఫిబ్రవరి నుంచి మే లోపు మొదలయ్యాయి. ఆ నెలల్లోని నిండు రోజులు 181 మాత్రమే, కాబట్టి వేసవిలో దశ మారే అవకాశం రోజుకు 0.06. మిగతా కాలంలో 880 నిండు రోజుల్లో అయిదు సార్లే మారింది, అంటే 0.006 కంటే తక్కువ. పది రెట్ల తేడా. దాన్ని మోడల్‌లో పెట్టాను. కానీ ఎండాకాలం అన్న ఒక్క మాటతో పని జరగదు. ఒక ఏడాది ఫిబ్రవరి మొదట్లోనే బోర్లు చేతులెత్తేశాయి, ఇంకో ఏడాది ఏప్రిల్ సగం దాకా పోశాయి. క్యాలెండర్ అవకాశాన్ని మాత్రమే చెబుతుంది. ఇవాళ ఏ దశలో ఉన్నామో చెప్పేది గేటు.

ఆ పని 2025 మార్చిలో ఎలా జరిగిందో అంకెలతో చూద్దాం. ఒక రోజు సాయంత్రానికి ఎండు దశలో ఉన్నామన్న నమ్మకం ఒక శాతం. రాత్రి గడిస్తే, వేసవి కాబట్టి, అది ఏడు శాతమవుతుంది. మర్నాడు నాలుగు బండ్లు వచ్చాయి. నాలుగు బండ్లు రావడం ఎండు దశలో ఎంత సహజమో నిండు దశలో ఎంత సహజమో పోల్చాలి. ప్రతి బండికీ ఆ నిష్పత్తి 6.25 రెట్లు పెరుగుతుంది. మూడు బండ్లకు నిష్పత్తి 0.45, అంటే సాక్ష్యం ఇంకా నిండు దశ వైపే. నాలుగు బండ్లకు 2.8. నాలుగో బండి గేటు దాటగానే త్రాసు రెండో వైపుకు ఒరుగుతుంది. అయినా ముందు నమ్మకం తక్కువ కాబట్టి ఆ సాయంత్రానికి 17 శాతమే అయింది, మర్నాటికి 21. ఆ మర్నాడు అయిదు బండ్లు. నిష్పత్తి 17.5. నమ్మకం ఒక్కసారిగా 83 శాతానికి పోయింది.

ఎంత శాతం దాటితే రేపటికి ఎక్కువ బండ్లు ముందుగా చెప్పుకోవాలి? దీనికి ఖర్చులే సమాధానం. ముందుగా మాట్లాడుకున్న బండి 100 రూపాయల వంతు అనుకుంటే అప్పటికప్పుడు తెప్పించే బండి 160 దాకా పడుతోంది. చెప్పి వద్దంటే 30 పోతుంది. అవసరమై ముందే చెప్పి ఉంటే 60 మిగులు, అనవసరంగా చెప్తే 30 నష్టం. కాబట్టి రేపు ఎండు దశ అన్న నమ్మకం మూడో వంతు దాటితే చెప్పేయడమే లాభం. మొదటి రోజు 21 శాతం, ఆగాం. రెండో రోజు 80 శాతం, ఆరు బండ్లు చెప్పాం. పాత మూడు బండ్ల ఒప్పందం తీసేసి, నిండు దశలో ఒకటి, ఎండు దశలో ఆరు అని రెండు రేట్ల ఒప్పందం చేసుకున్నారు. దీనికి ట్యాంకర్ల అతను కూడా సంతోషంగానే ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఊరంతా ఒకేసారి ఫోన్ చేసే రోజుల్లో ముందే తెలియడం ఆయనకూ కావాలి.

అన్నీ బాగానే జరిగాయని కాదు. క్లబ్‌హౌస్‌లో పెళ్లి జరిగిన రోజు అయిదు బండ్లు వచ్చాయి. మోడల్ 56 శాతానికి ఎగిరింది, మర్నాటికి ఆరు బండ్లు చెప్పించింది. మర్నాడు ఒక్క బండితో సరిపోయింది, నమ్మకం ఒకటిన్నర శాతానికి పడిపోయింది, వద్దన్న బండ్లకు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత రిజిస్టర్‌లో 'ఫంక్షన్' అని ఒక గుర్తు పెట్టమన్నాం. గుర్తున్న రోజు అంకెను మోడల్ చూడదు, ఆ రోజు లెక్క లేనట్టే ముందుకు వెళ్తుంది.

మే చివర్లో వచ్చిన పేచీ ఇంకోటి. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, మామూలు కంటే ఎనిమిది రోజులు ముందు. హైదరాబాద్‌లో కూడా వానలు పడుతున్నాయి. ట్రెజరర్ గారు "వానలు వచ్చేశాయి, ఇంకా ఆరు బండ్లెందుకు, ఆపేద్దాం" అన్నారు. రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి, కాదనడం నాకూ కష్టమైంది. కానీ గేటు దగ్గర ఆరు, ఎనిమిది, ఏడు అనే అంకెలే పడుతున్నాయి, నమ్మకం 99 శాతం దగ్గరే ఉంది. పైన పడ్డ వాన శిథిల పొర దాటి పగుళ్లలోకి దిగాలి. మీద కాంక్రీటు పరిచిన చోట అది ఇంకా ఆలస్యం. వాదించుకుని నాలుగు బండ్లకు రాజీ పడ్డాం. ఎండు దశ జూన్ రెండో వారం దాకా పోలేదు. ఆ రెండు వారాల్లో తగ్గించిన రెండు బండ్లనూ ఎక్కువ రేటుకు తెప్పించుకున్నారు.

మొత్తం వేసవికి ట్యాంకర్ల బిల్లు, పాత ఒప్పందంతో అదే నీళ్లకు అయ్యేదానికంటే సుమారు 12 శాతం తగ్గింది. నాకు దానికంటే ముఖ్యమైనది వేరే: నీళ్లు లేక ఫ్లాట్లకు బంద్ చేసిన రోజు ఒక్కటీ లేదు.

మోడల్‌లో నాకు ఇంకా తృప్తి లేని చోటు ఒకటుంది. మార్కోవ్ గొలుసుకు వయసు తెలియదు. ఎండు దశ మొదటి రోజైనా, నలభయ్యో రోజైనా 'ఇంకో 25 రోజులు' అనే అంటుంది. నిజం బోరుకు అలా ఉండదు. దశ ఎంతకాలం నిలుస్తుందో విడిగా చెప్పే సెమీ మార్కోవ్ మోడల్ ఉంది కానీ 16 ఘటనలతో దాన్ని నింపడం తొందరపాటు. ఇంకో రెండు మూడు వేసవులు కావాలి.

ఆలస్యం సంగతి మాత్రం ఆగక్కర్లేదు. మార్పు పట్టుకోవడానికి మోడల్‌కు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఎక్కువ రేటే. ఈ మాట అంటుంటే సంపు మూత పక్కకు జరిపి ఇనుప కడ్డీ ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్న సెక్యూరిటీ ఆయన తలెత్తాడు.

"బండి దాకా ఎందుకు సార్. రెండో బోరు పొద్దున వేస్తే మునుపు గంటన్నర పోసేది. ఎండేటప్పుడు ఇరవై నిమిషాలకే గాలి కొడుతది. నాకు మూడు దినాల ముందే ఎరుకైతది."

ఇప్పుడు రిజిస్టర్‌లో ఇంకో గడి ఉంది. పైన ఎర్ర పెన్నుతో 'మోటరు నిమిషాలు' అని రాసుంది. రోజూ పొద్దున ఆరింటికి మోటరు వేసి, గాలి కొట్టే దాకా ఎంతసేపు పోసిందో ఆయనే రాస్తాడు. ఇవాళ్టికి 112 రోజుల లెక్క చేరింది. వచ్చే ఫిబ్రవరి నుంచి బండ్ల సంఖ్యతో పాటు ఆ నిమిషాలనూ మోడల్‌కు ఇవ్వబోతున్నాం.